పుస్తకం వుండడం వేరు, దొరకడం వేరు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ఈ వేదిక మీంచి విద్య గురించి ఏటేటా పెద్ద వక్తలు మాట్లాడుతూనే వున్నారు. వారు చెప్పినదానికి నేను కొత్తగా చేర్చగలిగింది ఏమీ లేదు. అందుచేత కార్యదర్శిగారి అనుమతితో విషయాన్ని కాస్త చిన్నది చేసుకున్నాను. 2024 వేసవి సెలవుల్లో నలభై రోజులపాటు మన జిల్లా కేంద్ర గ్రంథాలయంలో నేను పని నేర్చుకున్నాను. ఆ ముచ్చట్లు చెబుతాను. నేను ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. నా తెలుగు బజారులోనూ, బస్సుల్లోనూ నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే పెద్దమనసుతో సర్దుకోవాలి.

నలభై దాటిన మాస్టరు గ్రంథాలయంలో పని నేర్చుకోవడమేమిటని మీకు అనుమానం రావచ్చు. కారణం మన మేడ మీద వుంది. మేడ మీది గదిలో రెండు ఇనప బీరువాలున్నాయి. దాతలిచ్చిన పుస్తకాలు వాటిలో వున్నాయి. తాళంచెవి చాలా యేళ్ళుగా నా దగ్గరే వుంది. పోయిన చలికాలంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "సార్, మేడ మీద లైబ్రరీ వుందటగా, నక్షత్రాల మీద పుస్తకం ఏదైనా వుందా?" అని అడిగింది. రేపు చూద్దామన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ రేపన్నాను. మూడోసారి అడిగేసరికి సిగ్గేసి తాళం తీశాను. కింది అర మొత్తం చెదలు తినేసింది. పట్టుకుంటే చేతిలో మట్టి రాలింది. మిగిలిన అరల్లో నక్షత్రాల పుస్తకం వుందో లేదో చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఒక నోటుబుక్కులో పేర్లు రాసి వున్నాయి గానీ, ఆ పేర్లకూ అరల్లోని పుస్తకాలకూ సంబంధం లేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. "ఫోన్లో చూసుకుంటాలెండి సార్" అని వెళ్ళిపోయింది. అది తిట్టినదానికంటే ఎక్కువైంది నాకు.

లైబ్రరీ సైన్సు సర్టిఫికెట్ కోర్సు చదివేవాళ్ళకు కొన్నాళ్ళు గ్రంథాలయాల్లో ప్రాక్టికల్ శిక్షణ వుంటుంది. ఆ పిల్లలతోపాటు నన్ను కూడా కూర్చోనివ్వమని దరఖాస్తు పెట్టుకున్నాను. జీతం లేదు, సర్టిఫికెట్ అడగను అని రాశాను. ఈనాటి మాటలో దీన్ని ఇంటర్న్‌షిప్ అంటున్నారు. మన మెకానిక్ షెడ్లలో అయితే ఇలాంటివాణ్ణి షాగిర్ద్ అంటారు. ఇరవై యేళ్ళు ఉస్తాద్ అనిపించుకున్నవాడు షాగిర్ద్ కావడం కొంచెం ఇబ్బందే. నాతో వున్న నలుగురూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ ఆడపిల్లలు. మొదటి రోజు వాళ్ళు నన్ను ఇన్‌స్పెక్షనుకొచ్చిన అధికారి అనుకుని లేచి నిలబడ్డారు.

పని వుదయం ఎనిమిదికి మొదలవుతుంది. ముందు దినపత్రికలు. ప్రతి పత్రికకూ రిజిస్టరులో ఒక పేజీ వుంటుంది. వచ్చిన రోజు గడిలో టిక్కు పెట్టాలి. రాకపోతే ఏజెంటుకు ఆ రోజే చెప్పాలి. తర్వాత ముద్ర వేసి, పేజీలు విడదీసి బల్లల మీద పరచాలి. ఒకే పత్రికను నలుగురు చదవడానికి అదొక ఉపాయం. తలుపు తీయకముందే మెట్ల మీద ముప్పై మంది కుర్రాళ్ళు కూర్చుని వుంటారు. డీఎస్సీకి, గ్రూప్సుకు, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్ళు. వాళ్ళు గ్రంథాలయం పుస్తకాలు తీసేది తక్కువ. తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వాళ్ళకు కావలసింది ఫ్యాను, కుర్చీ, నిశ్శబ్దం. ఇదేం గ్రంథాలయమని నేను మొదట చిన్నచూపు చూశాను. ఒక గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లోంచి వచ్చిన కుర్రాడికి ఆ కుర్చీ ఎంత విలువైందో వారం రోజులకు గాని అర్థం కాలేదు. మన పేట పిల్లలు ఎంతమంది వస్తారో అని రోజూ లెక్కపెట్టేవాణ్ణి. ఒకరో ఇద్దరో. కొన్ని రోజులు ఆ ఒకరూ లేరు.

నాకిచ్చిన మొదటి పని అరలు సర్దడం. చదివినవాళ్ళు పుస్తకాన్ని ఎక్కడపడితే అక్కడ పెడతారు. దాన్ని తిరిగి దాని చోటికి చేర్చాలి. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానమని మా గ్రంథపాలకురాలు అనేవారు. పుస్తకం వీపు మీద అంకె వుంటుంది. అమెరికాలో డ్యూయీ అనే ఆయన 1876లో తెచ్చిన పద్ధతి అది. లోకంలోని జ్ఞానమంతటినీ సున్నా నుంచి 999 దాకా పంచిపెట్టాడు. సరే, అంకెలే కదా అని నేను రెండు అరలు గబగబా సర్దేశాను. 891.5 ముందు పెట్టి, 891.439 తర్వాత పెట్టాను. ఐదు కంటే నాలుగువందల ముప్పై తొమ్మిది పెద్దది కదా! పక్కనున్న అమ్మాయి నవ్వాపుకుంటూ, "మాస్టారూ, చుక్క తర్వాత అంకెలు ఒక్కొక్కటిగా చూడాలండీ. నాలుగు ముందు, ఐదు తర్వాత" అంది. దశాంశ స్థానాలు! ఆరో తరగతి పాఠం. రెండు అరలూ మళ్ళీ సర్దాను.

ఆ 891.439 అనేది ఏమిటో తెలుసా? ఉర్దూ సాహిత్యం. దాని పక్కన ఒకటి వేస్తే కవిత్వం, మూడు వేస్తే నవల, కథ. తెలుగు సాహిత్యానికి 894.827. అంటే మన రెండు భాషలూ ఒకే వరసలో, ఒకే గోడకు వస్తాయి. ఇంకో తమాషా వుంది. దాశరథి కృష్ణమాచార్యగారు గాలిబును తెలుగు చేసి 'గాలిబ్ గీతాలు' అని ఇచ్చారు. అది తెలుగు పుస్తకమే కదా, తెలుగు అరలోకే వెళ్ళాలని నేను వాదించాను. డ్యూయీ లెక్క అలా కాదట. అనువాదం ఏ భాషలోకి వెళ్ళినా దాని నంబరు మూలభాషదే. చాలాచోట్ల పాఠకుల సౌకర్యం కోసం భాషలవారీగా విడదీస్తారు గానీ, నంబరు మాత్రం గాలిబు పక్కనే. నాకది చాలా నచ్చింది. నచ్చనిదీ వుంది. మతానికి కేటాయించిన 200 నుంచి 299 దాకా ఎక్కువ భాగం క్రైస్తవానికే ఇచ్చి, మిగతా మతాలన్నిటినీ 290లో ఇరికించాడు. మన వంతుకు 297 వచ్చింది. ఆయన కాలం, ఆయన దేశం అలాంటివి అనుకోవాలి.

ఇక రిజిస్టరు. దాన్ని యాక్సెషన్ రిజిస్టరు అంటారు. గ్రంథాలయానికి ప్రాణం ఎక్కడుంది అంటే నేను ఆ పెద్ద పుస్తకాన్నే చూపిస్తాను. కొన్నదైనా, దానం వచ్చిందైనా ప్రతి పుస్తకానికీ అందులో ఒక వరుస, ఒక నంబరు. తేదీ, రచయిత, పేరు, ప్రచురించినవారు, సంవత్సరం, పేజీలు, వెల, ఎక్కడినుంచి వచ్చింది, బిల్లు నంబరు. ఒకే పుస్తకం ఐదు ప్రతులు వస్తే ఐదు నంబర్లు. పుస్తకం పోయినా, చిరిగినా ఆ నంబరు ఇంకో పుస్తకానికి ఇవ్వరు. చివరి గడిలో ఎర్రసిరాతో కారణం రాస్తారు. ఆ నంబరు ఆ పుస్తకంతోనే ముగిసిపోతుంది.

తర్వాత ముద్రలు. పేరు పేజీ వెనక ఒకటి, చివరి పేజీలో ఒకటి, లోపల రహస్య పేజీ మీద ఒకటి. ప్రతి గ్రంథాలయమూ ఒక అంకె పెట్టుకుంటుంది. ఎవరైనా మొదటి, చివరి పేజీలు చింపేసినా ఆ అంకెగల పేజీ తిరగేస్తే దొంగ దొరికిపోతాడు. ఆ అంకె మీకు చెప్పను, మాటిచ్చాను. నేను ఉత్సాహంగా ఒక పాత పుస్తకం మీద అక్షరాలు కనబడకుండా ముద్ర గుద్దేశాను. గ్రంథపాలకురాలు చూసి, "మాస్టారూ, ఇది పుస్తకమండీ, పోస్టాఫీసు కవరు కాదు" అన్నారు. ఖాళీ చోటు చూసి వెయ్యాలట. తేదీల కాగితం అంటించడం కూడా ఒక విద్యే. పైఅంచుకు మాత్రమే జిగురు రాయాలి, నిండిపోయినప్పుడు తీసి కొత్తది అంటించడానికి. నేను స్కూల్లో చార్టులంటించినట్టు మొత్తం పూసి అంటించాను. అవన్నీ మళ్ళీ తడిగుడ్డతో ఊడదీయించారు.

పుస్తకం ఇచ్చే పద్ధతి చూసి మాత్రం నేను ముగ్ధుణ్ణయ్యాను. ఇప్పుడు పెద్ద గ్రంథాలయాల్లో కంప్యూటరు మీద ఇస్తున్నారు. మా దగ్గర ఇంకా పాత పద్ధతే నడిచింది. నీనా బ్రౌన్ అనే అమెరికా గ్రంథపాలకురాలు పంతొమ్మిదో శతాబ్దం చివర కనిపెట్టిందట. సభ్యుడికి చిన్న సంచిలాంటి టిక్కెట్టు వుంటుంది. పుస్తకంలో ఒక కార్డు వుంటుంది. పుస్తకం తీసుకెళ్ళేటప్పుడు ఆ కార్డును టిక్కెట్టులో దూర్చి, తిరిగి ఇవ్వాల్సిన తేదీ వెనకాల ట్రేలో నిలబెడతారు. అంతే! ఎవరి దగ్గర ఏ పుస్తకం వుందో, ఏ రోజు రావాలో ఆ ట్రే చెబుతుంది. పుస్తకం తిరిగి రాగానే కార్డు పుస్తకంలోకి, టిక్కెట్టు మనిషి చేతిలోకి. కరెంటు అక్కర్లేదు, రాతకోతలు లేవు. మన మేడ గదికి ఇదే సరిపోతుందని ఆ రోజే అనుకున్నాను.

మధ్యలో ఒక మాట. ఇదంతా ఎవరి డబ్బుతో నడుస్తుంది? ఇంటికెళ్ళి మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక గడి వుంటుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద పెట్టిన పన్ను అది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. అంటే 1000 రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు గ్రంథాలయానికి కడుతోందన్నమాట. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. ఆ జమ సకాలంలో జరగక గ్రంథాలయాలు ఇబ్బందిపడటం కూడా వుంది, అది వేరే కథ. మనవాళ్ళు చాలామంది "అది గవర్నమెంటు లైబ్రరీ, మనకేం పని" అంటారు. కట్టేది మనం, కూర్చునేది ఇంకొకరు. అక్కడ ఉర్దూ పుస్తకాలు లేవు కదా అని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను.

రెండో వారంలో ఒకరోజు యాభై దాటిన ఒక ఆవిడ వచ్చింది. పాత బుర్ఖా, చేతిలో కూరగాయల సంచి. కౌంటరు దగ్గర రికార్డు అసిస్టెంటును, "మిరాతుల్ ఉరూస్ అని ఒక పుస్తకం వుంటుందా బాబూ?" అని అడిగింది. ఆ అబ్బాయి కార్డుల పెట్టెలో 'మ' సొరుగు లాగి చూశాడు. కనబడలేదు. ఉర్దూ కదా అని నన్ను పిలిచాడు. ఆ పుస్తకం మీలో పెద్దలకు తెలిసే వుంటుంది. డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో రాసిన నవల. ఉర్దూలో మొట్టమొదటి నవల అదేనని చెబుతారు. అక్బరీ, అస్గరీ అని ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ. తన కూతుళ్ళు చదువుకోవడానికి రాశాడాయన. నేను అరల్లో చూసి, కార్డుల్లో చూసి, ఉస్తాదుగారి హోదాలో తీర్పు చెప్పేశాను. "ఆపా, ఆ పుస్తకం ఇక్కడ లేదు." ఆవిడ, "మా అమ్మ పెళ్ళికి ఇచ్చారు బాబూ దాన్ని. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. మనవరాలికి చదివి వినిపిద్దామని" అంది. తర్వాత, "పర్వాలేదులే" అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

నాలుగో వారంలో పై అంతస్తు గది శుభ్రం చేసే పని పడింది. మూలన రెండు గోనెమూటలున్నాయి. అవేమిటని అటెండరు పెద్దాయన్ని అడిగితే, "ఉర్దూవి సార్. ఎప్పటినుంచో అట్లే వున్నాయి. చదివేవాళ్ళు లేక కట్టిపెట్టినాము" అన్నాడు. తాడు కోశాను. నూటముప్పైకి పైగా పుస్తకాలు. హాలీ వున్నాడు, ప్రేమ్‌చంద్ వున్నాడు, పిల్లల కథలున్నాయి. పది పన్నెండు పుస్తకాల తర్వాత మిరాతుల్ ఉరూస్ చేతికొచ్చింది. పేజీలు కూడా విప్పని కొత్త పుస్తకం. నేను నేలమీదే కూర్చుండిపోయాను.

రిజిస్టరు తీయించాను. పుస్తకాలు నమోదయ్యే వున్నాయి. నంబరు వుంది, వెల వుంది, తేదీ వుంది. పేరు వుండాల్సిన గడిలో మాత్రం "ఉర్దూ పుస్తకం". దాని కింద "ఉర్దూ పుస్తకం". నాలుగు పేజీల పొడుగునా అదే మాట. కొన్నిచోట్ల పైదానికి గుర్తుగా రెండు చుక్కలు. నేనెవరినీ తప్పుపట్టను. వచ్చిన పుస్తకాన్ని నమోదు చేయాలి, పేరు చదవగలిగినవాడు సిబ్బందిలో లేడు, ఆడిటు దగ్గరపడింది, ఏదో ఒకటి రాశారు. ఆడిటు లెక్కలో నూటముప్పై పుస్తకాలూ భద్రంగా వున్నాయి. పాఠకుడి లెక్కలో ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళలో ఆ గ్రంథాలయానికి నాలుగు వీధుల అవతల ఉర్దూ చదివే మాస్టర్లం మేము ఇంతమందిమి వున్నాం. వాళ్ళు మమ్మల్ని అడగలేదు. మేమూ వెళ్ళి అడగలేదు. మన పుస్తకాలు కొనడం లేదని సభల్లో తీర్మానాలు మాత్రం చేశాం. ఆ తీర్మానాల కింద నా సంతకమూ వుంది.

మిగిలిన రోజులన్నీ ఆ మూటలకే ఇచ్చాను. పని సులభమనుకున్నాను. కాదు. మొదటి చిక్కు పేర్లతో. తెలుగు రచయితకు ఇంటిపేరు ముందే వుంటుంది. విశ్వనాథ సత్యనారాయణ అంటే 'వి'లో వెతికితే దొరుకుతాడు. మన రచయితల పేర్ల ముందు ఎన్ని బిరుదులు! పుస్తకం అట్ట మీదున్నది ఉన్నట్టు రాస్తే సగం కార్డులు మౌలానా కింద, పావు వంతు సయ్యద్ కింద, మిగిలినవి ముహమ్మద్ కింద చేరిపోతాయి. నజీర్ అహ్మద్‌గారు 'డిప్యూటీ' కింద చేరతారు, అది పాపం ఆయన ఉద్యోగం. లోకం ఏ పేరుతో వెతుకుతుందో ఆ పేరు ముందు పెట్టాలి. మీర్జా అసదుల్లా ఖాన్‌ను గాలిబ్ కింద, అల్తాఫ్ హుసేన్‌ను హాలీ కింద, ధన్‌పత్ రాయ్‌ను ప్రేమ్‌చంద్ కింద రాసి, అసలు పేరు దగ్గర "ఫలానా చోట చూడండి" అని ఇంకో కార్డు పెట్టాలి. కార్డు ఎంతుంటుంది? ఐదంగుళాలకు మూడంగుళాలు. ఆ కాస్త చోటులో ఒక మనిషిని సరిగ్గా కూర్చోబెట్టడానికి ఒక్కోసారి అరగంట పట్టింది.

రెండో చిక్కు లిపి. నేను శ్రద్ధగా ఉర్దూలోనే ఇరవై కార్డులు రాశాను. మంచి దస్తూరీ, నా పిల్లలు చూస్తే మెచ్చుకునేవాళ్ళు. గ్రంథపాలకురాలు చూసి, "బాగుందండీ. జూన్ పన్నెండున మీ స్కూలు తెరుస్తారు. పదమూడో తేదీన ఎవరైనా వచ్చి ఈ పుస్తకం అడిగితే మేమెలా తియ్యాలి?" అన్నారు. మూటలు విప్పి నేను చేస్తున్నదేమిటంటే, ఇంకో రకం మూట కట్టడం! అప్పుడు ఆవిడే దారి చెప్పారు. కార్డు పైన ఉర్దూలో పేరు, దాని కింద అదే పేరు తెలుగు లిపిలో, ఇంకో వరుసలో ఇది దేని గురించో తెలుగులో నాలుగు మాటలు. 'మిరాతుల్ ఉరూస్ — నవల — అక్కచెల్లెళ్ళ కథ.' వీపు మీది చీటీ మీద నంబరుతోపాటు తెలుగు లిపిలో పేరు. రిజిస్టరులో "ఉర్దూ పుస్తకం" అన్నచోట పక్కన సరైన పేరు రాసి గ్రంథపాలకురాలు పొట్టి సంతకం చేశారు. ఇప్పుడు ఉర్దూ అక్షరం ముక్క రాని అటెండరు పెద్దాయన కూడా అడిగిన పుస్తకం తీసి ఇస్తాడు. రేపు కంప్యూటరులో ఎక్కించేవాడికీ ఆ తెలుగు పేరే ఆధారం.

ఉర్దూను తెలుగు లిపిలో రాయడమంటే మనలో కొందరికి కోపం వస్తుంది. నాకూ మొదటి రోజు చెయ్యి రాలేదు. కానీ దస్తూరీ కాపాడుకోవడం ఒక పని, పుస్తకం మనిషికి అందడం ఇంకో పని. రెండూ చెయ్యవచ్చు, కార్డు మీద చోటుంది.

రంగనాథన్‌గారి గురించి అక్కడే విన్నాను. ఆయన కూడా మనలాగే పంతులు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వేస్తే, మనుషులు రాని ఆ గదుల్లో ఒంటరిగా కూర్చోలేక, నన్ను మళ్ళీ పాఠాలకే పంపించండని అడిగారట. ఇంగ్లండు పంపించారు. అక్కడ గ్రంథాలయాలు జనంతో కలిసి నడవడం చూసి వచ్చాక ఆయన ఇక వెనక్కి చూడలేదు. 1931లో ఐదు సూత్రాలు రాశారు. వాటిలో మొదటిది, పుస్తకం వున్నది వాడడానికని. అంత తేలిక మాటకు సూత్రమెందుకు అనిపిస్తుంది. మేడ మీది బీరువా తాళంచెవి జేబులో వున్నవాడికి అది తేలిక మాట కాదు.

ఆ తాళం ఎందుకేశానో కూడా చెప్పాలి. పుస్తకాలు పోతాయని. స్కూల్లో ఎవరికైనా లైబ్రరీ ఇన్‌చార్జి ఇస్తే మొదట చేసే పని బీరువాకు తాళం వెయ్యడమే, లెక్క తగ్గితే జీతంలో కోత పడుతుందని. ఆ భయంతోనే ఇక్కడా వేశాను. దీని గురించి అడిగితే గ్రంథపాలకురాలు కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లో 215వ నియమం చూపించారు. ఏడాదిలో పాఠకులు తీసుకున్న, చూసిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోతే, అందులో మోసమూ నిర్లక్ష్యమూ లేకపోతే, దాన్ని సహజమైన నష్టంగా భావించవచ్చు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం గానీ, అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం విచారణ జరగాలి. వెయ్యికి ఐదు! తాళం వేసి నేను ఒక్క పుస్తకం కూడా పాఠకుడి చేతిలో పోనివ్వలేదు. ఒక అరను మాత్రం చెదలుకిచ్చాను.

పాత సంగతి ఒకటి గుర్తు చేసుకోవాలి. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లాలో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. రైతులు గట్టు మీద నిలబడి పుస్తకాలు మార్చుకునేవాళ్ళు. కాలువ మీద పోయే పుస్తకాలకు లేని భయం ఇనప బీరువాలో వున్న మన పుస్తకాలకు వుంది.

కాబట్టి పని ఇలా అనుకున్నాం. కార్యవర్గం ఒప్పుకుంది. వచ్చే ఆదివారం జొహర్ తర్వాత మేడ మీద బీరువాలు తెరుస్తాం. ముందు ఎండబెట్టడం, దులపడం. తర్వాత రిజిస్టరు. దస్తూరీ బాగున్న పిల్లలు నలుగురు కావాలి, ఇద్దరు ఉర్దూ, ఇద్దరు తెలుగు. ఉర్దూ పుస్తకానికి తెలుగు లిపిలో కూడా, తెలుగు పుస్తకానికి ఉర్దూలో కూడా పేరు రాస్తాం. మన ఉర్దూ మీడియం పిల్లలు తెలుగు అట్ట చూసి దూరంగా జరిగిపోతున్నారు, అదీ తగ్గాలి. జిగురు, కత్తెర సంఘం కొంటుంది. తడిగుడ్డ నేను తెస్తాను, దాని అవసరం నాకు బాగా తెలుసు. గది రోజూ సాయంత్రం గంటన్నర తెరిచి వుంటుంది. శనివారాలు పూర్తిగా స్త్రీలకు, ఆడపిల్లలకు. నక్షత్రాల పుస్తకం కొన్నాం, యాక్సెషన్ నంబరు ఒకటి దానికే. జిల్లా గ్రంథాలయంలో ఇకనుంచి వచ్చే ఉర్దూ పుస్తకాలకు కార్డులు రాయడానికి నెలకో గురువారం సాయంత్రం నేను వెళుతున్నాను. శుక్రవారం వాళ్ళకు వారపు సెలవు. నాతో ఇంకొకరు వస్తే మంచిది. నాకు జ్వరం వస్తే పుస్తకాలు మళ్ళీ మూట కాకూడదు.

చివరిగా ఒక విన్నపం. ఆ ఆపా కోసం నేను సందర్శకుల రిజిస్టరు వెతికాను. ఆ తేదీన పేరు వుంది. చిరునామా గడిలో 'లోకల్' అని వుంది. ఆ వారమంతా గేటు దగ్గర కూర్చుని, చిరునామా అంతా ఎందుకు, లోకల్ అని రాస్తే చాలని అందరికీ చెప్పింది నేనే. ఆ పేరుగల ఆడవాళ్ళు మన పేటలోనే ఎంతోమంది వున్నారు. పిల్లల చేత ఇంటింటా అడిగించాను, దొరకలేదు. ఆవిడ పేరు ఇలా సభలో చెప్పడం మర్యాద కాదు. ఇటు స్త్రీల వైపు కూర్చున్నవారిలో ఎవరికైనా, మనవరాలికి పాత పుస్తకం చదివి వినిపించాలనుకుంటున్న పెద్దావిడ తెలిస్తే, మాస్టరు తప్పు చెప్పాడని చెప్పండి. పుస్తకం వుంది. కింది అంతస్తు, రెండో గది, కిటికీ పక్క అర, 891.4393. ఆవిడకు టిక్కెట్టు లేకపోతే నా టిక్కెట్టు మీద ఇస్తారు, కౌంటరులో చెప్పి వుంచాను.